చుట్టి పెట్టిన వైర్లు

తోటలోని వేదిక కింద సామాన్ల గది తలుపు తీసేసరికి, మైకు వైర్లన్నీ మెడలు తెగి వేలాడుతున్నాయి.

చిందరవందరగా నేల మీద పడి లేవు. ఎప్పటిలాగే చుట్టలు చుట్టలుగా గోడ మేకులకి ఉన్నాయి. గుమ్మంలో నించుని చూస్తే అక్కడేమీ జరగనట్టే ఉంది. కొత్తగా కుట్టిన తెరని చంకలో పెట్టుకొచ్చిన చిన్నది మొదటి చుట్ట చేతిలోకి తీసుకుంది. చివర మైకుకి తగిలించే పిన్ను లేదు. పక్కది తీసింది. దానికీ లేదు. కోసేసిన పిన్నులన్నీ కింద చెక్కపెట్టె మీద ఒక గుడ్డలో పోసి ఉన్నాయి.

"ఎవరో పనిగట్టుకుని చేశారమ్మా," అన్నాడు వెనకనుంచి తోటమాలి. ఆ గదికి తాళంచెవులు రెండే. ఒకటి అతని బెల్టుకి వేలాడుతోంది. రెండోది చిన్నదాని బావ దగ్గర ఉంటుంది.

"సాయంత్రం పాటలు," అంది చిన్నది.

ప్రతి వేసవిలో శనివారం సాయంత్రాలు ఆ తోటలో పాటలుంటాయి. టిక్కెట్టు లేదు, ముందు వరసలకి తాడు కట్టడం లేదు. ఎవరైనా రావచ్చు, గడ్డి మీద కూలబడొచ్చు. ఫిడేలు వాయించేది రిటైరైన లెక్కల మాష్టారు. డ్రమ్ములు బేకరీలో పిండి పిసికే మనిషివి. పాడేది బస్సు కండక్టరు. ఆవిడ చిన్నదానికి సొంత అక్క. వారమంతా 'ముందుకు జరగండి, ముందుకు జరగండి' అని అరిచే ఆ గొంతే శనివారం మైకు ముందుకొచ్చేసరికి ఎక్కడలేని మెత్తదనం తెచ్చుకునేది. అక్క మొగుడు ఫ్యాన్లు, రేడియోలు బాగుచేసే షాపు నడుపుతాడు. మైకులూ బాక్సులూ ఆయన సామ్రాజ్యం. చిన్నది ఆయన్ని బావా అని పిలవడం విని విని తోటకొచ్చేవాళ్లంతా బావా అనడం మొదలుపెట్టారు. చిన్నది బట్టలు కుడుతుంది. జుట్టు నెరుస్తున్నా ఇంట్లో ఆమె పేరు ఇంకా చిన్నదే.

ఈ వేసవికి ఇదే ఆఖరి శనివారం. అక్కకైతే, బహుశా, అన్నిటికీ ఆఖరిదే. వచ్చే వారం ఆవిడ మెడకి ఆపరేషను. గొంతు పక్కన పెరిగిన గడ్డ తీసేస్తారు. ప్రాణానికి భయం లేదన్నారు. పాటకి మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేదు.

అందుకే ఈ సాయంత్రం కావాలి. ఈ ఒక్క సాయంత్రం.

తోటమాలి బయటికెళ్లి ఈల ఊదాడు. సన్నటి, చెవులు గుచ్చే ఈల. పూలమళ్లలో అడుగుపెట్టే వాళ్ల కోసం తోట ఆఫీసువాళ్లు ఇచ్చింది. చిన్నది తొంగి చూస్తే బావ గడ్డికి అడ్డంపడి వస్తున్నాడు. తోటమాలి మళ్లీ ఊదాడు. బావ తలైనా తిప్పకుండా కొత్తగా నాటిన మొక్కల మీదుగా నడుచుకుంటూ వచ్చేశాడు.

"రోజూ ఇదే వరసమ్మా," అన్నాడు తోటమాలి. "ఈయనగారికి నా ఈలంటే పూచికపుల్ల."

బావ గుమ్మంలో ఆగి ఇద్దరి మొహాలూ చూశాడు. "ఏమే మరదలా, పొద్దున్నే ఆ మొహమేంటి? తెర కుట్టావా, లేక నీ కత్తెర మళ్లీ వేలు కొరికిందా?"

చిన్నది వైరు చివర చూపించింది.

ఆయన దాన్ని అందుకుని అటూ ఇటూ తిప్పాడు. మేకుల వైపు చూశాడు. చెక్కపెట్టె మీద మాత్రం కూర్చోలేదు. పెట్టె పక్కన నేల మీద కూర్చున్నాడు. కోపం రాలేదు. ఎవరు చేశారని అడగలేదు. "పోనీలే," అన్నాడు చివరికి.

"పోనీలే ఏంటి బావా?"

"పోయిందాన్ని ఏం చేస్తాం. మైకు లేకుండానే పాడుతుంది. తోట ఎంతని? జనం దగ్గరికి జరుగుతారు."

అప్పటికి చిన్నదాని బుర్ర ఇంకా తోటమాలి తాళంచెవి చుట్టూనే తిరుగుతోంది. ఆ మాట చెవిలో పడింది గానీ లోపలికి దిగలేదు.

ఎండ ఎక్కేసరికి వార్త అందరికీ పాకింది. మాష్టారు ఫిడేలు పెట్టెతో సహా వచ్చి, గదంతా పరీక్ష పేపరు దిద్దుతున్నట్టు చూశారు. బేకరీ మనిషి చేతులకి అంటిన పిండితోనే పరుగెత్తుకొచ్చాడు.

"ఇందులో ఆలోచించడానికేముంది?" అన్నాడతను. "టెంటు హౌసు వాడు. మొన్న అందరి ముందూ అనలేదూ, మీ పాత డబ్బాలు మూలన పడేసి నా బాక్సులు పెట్టుకోండి అని?"

"అన్నాడు," అన్నారు మాష్టారు. "కానీ వాడి దగ్గర తాళంచెవి లేదే. తాళం పగల్లేదు. ఎవరి దగ్గరుందో వాళ్లనే అడగాలి." ఆయన తోటమాలి వైపు చూడలేదు. చూడకపోవడమే చూసినట్టయింది. "ఆఫీసులో ఓ మాట చెప్పి వస్తాను. దాచితే రేపు మన మీదికే వస్తుంది."

తోటమాలి బెల్టునుంచి తాళంచెవి ఊడదీసి పెట్టె మీద పెట్టాడు. "చెప్పండి బాబూ. నేను తలుపు తియ్యలేదు. ఎవరు నమ్ముతారో నమ్మరో మీరే చూడండి."

"ఆయన కాదు," అన్నాడు బావ.

అందరూ తిరిగారు.

"ఆయన కాదు మాష్టారూ. ఆఫీసుకి వెళ్లకండి. ఇవాళ్టికి ఆగండి."

"నీకెలా తెలుసు?"

బావ చెయ్యి జేబులోకి పోయింది, మళ్లీ బయటికొచ్చింది. మాష్టారు గొణుక్కుంటూ ఫిడేలు పెట్టె తీసుకుని వేదిక మెట్ల మీద కూర్చున్నారు.

చిన్నది గదిలోనే ఉండిపోయింది. చేతికి పని లేకపోతే ఆమెకి ఆలోచన సాగదు. తెగిన చివరలని ఒక్కొక్కటే వెలుతురులోకి తెచ్చి చూడటం మొదలుపెట్టింది. గుడ్డ కత్తిరించి కత్తిరించి, ఏ కోత ఎవరిదో కళ్లతోనే చెప్పగలిగే స్థితికొచ్చిందామె. షాపులో తన దగ్గర పనిచేసే ఆడపిల్లలు కోపంగా ఉన్న రోజు కోతలు ఒకలా ఉంటాయి, పెళ్లి కుదిరిన రోజు ఒకలా.

ఈ కోతలో కోపం లేదు.

చెడగొట్టాలనుకున్నవాడు నడిమధ్య కోస్తాడు. దొరికిన చోటల్లా తెగ్గోసి ముక్కలు చేసి పోతాడు. ఇక్కడ ప్రతి వైరూ పిన్నుకి ఆనుకుని, ఒకే చోట తెగింది. వైరు పొడుగు వేలెడైనా తగ్గలేదు. మళ్లీ టంకం పెడితే పాతదే. ఆమె కూడా అలాగే చేస్తుంది. మళ్లీ కుట్టాల్సిన బట్ట అయితే గుడ్డ జోలికి పోదు, కుట్టు దగ్గరే విప్పుతుంది.

ఆ తర్వాత చుట్టల మీద పడ్డాయి కళ్లు.

ఆ వైర్లని బావ ఎవరినీ చుట్టనివ్వడు. ఒక మెలిక లోపలికి, ఒక మెలిక బయటికి, అలా మార్చి మార్చి చుడతాడు. విసిరితే ఒక్క ముడి లేకుండా పరుచుకుంటుంది. బేకరీ మనిషి ఒకసారి సాయం చేస్తానని మోచేతికి వేసి చుడితే, బావ వారం రోజులు అతనితో ముభావంగా ఉన్నాడు. ప్రతి చుట్టకీ ఒక పేలిక కడతాడు. అక్క మైకుకి ఎర్రది, ఫిడేలుకి ఆకుపచ్చ. పేలికలు చిన్నదాని షాపులో మిగిలిన ముక్కలే.

ఎర్ర పేలిక ఉన్న చోటే ఉంది. జారుముడి కూడా ఉన్న చోటే ఉంది. లోపలికొక మెలిక, బయటికొక మెలిక.

కోసినవాడు, కోశాక, మళ్లీ చుట్టి, పేలిక కట్టి, ఎవరి మేకుకి వాళ్ల వైరు తగిలించి మరీ వెళ్లాడు. అలా చెయ్యకుండా ఉండలేకపోయాడు.

ఎర్ర పేలిక చుట్ట ఒళ్లో పెట్టుకుని చిన్నది పెట్టె అంచున కూర్చుంది.

బయట ఆటో ఆగిన చప్పుడైంది. వచ్చింది టెంటు హౌసు వాడే. భుజం మీద కొత్త వైర్ల కట్ట.

"విన్నాను," అన్నాడు గుమ్మంలోంచే. "నన్నే అనుకుంటున్నారని కూడా విన్నాను. అనుకోండి. నా నోరు అలాంటిది. కానీ కండక్టరమ్మ ఇవాళ పాడకపోతే మా అమ్మ నన్ను ఇంట్లోకి రానివ్వదు. ఇవి పెట్టుకోండి. బాడుగ అన్నారంటే తిరిగి పట్టుకుపోతాను."

బేకరీ మనిషి సిగ్గుపడి కట్ట అందుకోబోయాడు. బావ అడ్డం వచ్చాడు.

"వద్దు."

"ఏం బావా? నావి పాకుతాయా, కరుస్తాయా?"

"వద్దన్నానుగా. మైకు లేకుండానే పాడుతుంది. ముందే చెప్పాను."

ఈసారి ఆ మాట చిన్నదానికి లోపలికంటా దిగింది. లేచి బయటికొచ్చింది.

"మైకు లేకుండానా? డాక్టరమ్మ ఏం చెప్పింది బావా?"

"ఏం చెప్పింది? ఆపరేషను చేస్తామంది. భయం లేదంది."

"ఇంకా?"

"ఇంకేముంది?"

చిన్నది ఆయన మొహంలోకి చూసింది. బుకాయింపు ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు. కొలతలిచ్చి, ఒళ్లు చేసి, నువ్వే బిగుతుగా కుట్టావనే వాళ్లని రోజూ చూస్తుంది. ఈ మొహంలో అది లేదు. ఆయనకి నిజంగానే తెలియదు.

కానీ ఆ రోజు డాక్టరమ్మ గదిలో ముగ్గురూ ఉన్నారు. అక్క మధ్యలో, తనొకవైపు, బావ ఒకవైపు. మూతికి గుడ్డ కట్టుకున్న ఆ డాక్టరమ్మ, పిట్టగొంతుతో, మూడుసార్లు చెప్పింది. ఆపరేషను అయ్యేదాకా గొంతు పెంచకూడదు. బస్సు పనికి సెలవు పెట్టాలి. పాడకుండా ఉండలేనంటే మైకు దగ్గరగా పెట్టుకుని, మెల్లిగా, ఒక్కసారి. ఆరుబయట మైకు లేకుండా ఎత్తుకుంటే ఉన్న నరం కూడా ఆపరేషనుకి ముందే దెబ్బతింటుంది. పై స్థాయి మళ్లీ వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేను. బావ అన్నింటికీ తల ఊపాడు. ఎంత బుద్ధిగా ఊపాడంటే, 'మీవారు బాగా అర్థం చేసుకున్నారు' అని అక్కతో ఆ డాక్టరమ్మే అంది. ఇంటికొచ్చాక అక్క ఆ మాటే ఎత్తనివ్వలేదు. అందరం విన్నాం కదా, మళ్లీ ఎందుకు అంది.

అందరూ వినలేదు.

గోడ పగిలినట్టు ఒక్కొక్కటే బయటపడింది. పొద్దున తోటమాలి ఈల. పోయిన శనివారం అక్క గొంతు పైకి లేచినప్పుడు బాక్సుల్లోంచి కీచుమని లేచిన కూత. జనమంతా చెవులు మూసుకున్నారు, ఒక పసిపిల్ల ఏడుపు లంకించుకుంది. పచ్చిక చివర, మైకుల చప్పుడు పెంచి తగ్గించే బోర్డు ముందు కూర్చున్న బావ మాత్రం ప్రశాంతంగా అక్క వైపే చూస్తున్నాడు. చిన్నదే పరుగెత్తి బోర్డు మీద అక్క మైకు మీట కిందికి లాగింది. 'ధ్యాస ఎటో పోయింది మరదలా' అన్నాడు. ఆపరేషను దిగులు కాబోలు అనుకుందామె.

"వైర్లు లోపల పెట్టండి అన్నయ్యా," అంది టెంటు హౌసు వాడితో. "మీ అమ్మగారిని తొందరగా రమ్మనండి, ముందు చోటు దొరుకుతుంది." తర్వాత బావ మోచెయ్యి పట్టుకుని గదిలోకి లాక్కెళ్లి తలుపు దగ్గరగా వేసింది.

కిటికీలోంచి వచ్చే వెలుతురుకి ఎదురుగా ఆయన్ని నిలబెట్టింది. ఎర్ర పేలిక చుట్ట ఆయన చేతిలో పెట్టింది.

"ఇంత బాగా చుట్టి పెట్టే దొంగని నేను ఇంతవరకు చూళ్లేదు బావా."

ఆయన ముడి వైపు చూసుకున్నాడు. తన సంతకం తానే చదువుకున్నట్టు చూసుకున్నాడు. బొటనవేలు పేలిక మీద ఒకసారి కదిలింది.

"డాక్టరమ్మ మాట నీకు వినపడలేదు," అంది చిన్నది, పెదాలు కనపడేలా, నెమ్మదిగా. "మైకు లేకుండా పాడితే అక్క గొంతు ఇవాళే పోతుంది. ఆవిడ చెప్పింది అదీ. నువ్వు తల ఊపింది దానికి."

బావ మొహంలోంచి రక్తం దిగిపోవడం ఆమె చూసింది. అంతవరకు ఆయన మీద పళ్లు నూరుకున్న కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నేను ఎవరికీ చెప్పను," అంది. "అక్కకి నువ్వే చెప్పాలి. తోటమాలికి కూడా. ఇప్పుడే. సాయంత్రం కాకముందే."

అక్క వేదిక మీద, తెర వెనక, మడతకుర్చీలో కూర్చుని ఉంది. మెడకి పలచటి కండువా, ఒళ్లో గోరువెచ్చని నీళ్ల ఫ్లాస్కు. వైర్ల సంగతి విన్నప్పట్నుంచి ఒక్కమాట కూడా మాట్లాడకుండా గొంతు దాచుకుంటోంది. బావ మెట్లెక్కి వచ్చి ఎదురుగా చెక్కల మీద కూర్చున్నాడు. చుట్ట ఇంకా చేతిలోనే ఉంది. చిన్నది తెర పట్టుకుని నిలబడింది, వెళ్లిపోవాలో ఉండాలో తేలక.

"ఏవండీ," అంది అక్క. "ఎవరో తెలిసిందా?"

ఆయన ఆవిడ పెదాలనే చూశాడు. పేలిక ముడి విప్పాడు. మళ్లీ వేశాడు. తర్వాత మొదలుపెట్టాడు.

"నేనే. వైర్లు కోసింది నేనే. తోటమాలి కాదు, వాడెవడో కాదు. నిన్న సాయంత్రం షాపు కట్టేసి వచ్చి, కటింగ్ ప్లయరుతో ఒక్కొక్కటే కోశాను. కోస్తుంటే నా వేలు కోసుకుంటున్నట్టే ఉంది, అందుకే పిన్ను పక్కనే కోశాను. మళ్లీ అతికేటట్టు. చుట్టి పెట్టానని ఇప్పుడు నీ చెల్లెలు చూపిస్తే గానీ నాకే తెలియదు. చేతులు వాటంతటవే చుట్టేశాయి.

"నాకు సన్నటి చప్పుళ్లు వినపడటం లేదు. ఎప్పట్నుంచో చెప్పలేను. ముందు షాపులో రేడియో ఈల పోయింది. తర్వాత ఫోను మోత. నీ మామూలు మాట వినపడుతుంది. నువ్వు పైకెళ్లినప్పుడు మాత్రం ఏమీ ఉండదు. నోరు తెరిచి ఉంటుంది, మెడ మీద నరం లేస్తుంది, జనం కళ్లు తుడుచుకుంటారు. దాన్నిబట్టి ఇప్పుడు నువ్వు అక్కడున్నావని తెలుసుకునేవాణ్ణి. తెలుసుకుని బోర్డు మీద చెయ్యి కదిపేవాణ్ణి. రెండు వేసవులు అలాగే నెట్టుకొచ్చాను. పోయిన వారం అందరూ చెవుల మీద చేతులు పెట్టుకుంటే, నీ పాటకే అలా అయిపోతున్నారనుకున్నాను. నవ్వుకున్నాను కూడా. ఆ పసిపిల్ల ఏడుపు చూశాక గానీ అర్థం కాలేదు.

"నీకు చెప్పాల్సింది. చెబితే బోర్డు దగ్గర ఇంకొకళ్లని పెడతావు. పెట్టాల్సిందే. కానీ అది తప్ప నేను నీ పాటకి చేసిందేముంది? నువ్వు పాడినన్నాళ్లూ నేను ఆ చెట్టు కింద, జనం వెనక, బోర్డు ముందే ఉన్నాను. నీ ముందు కూర్చుని ఒక్క పాటైనా విన్నానా? ఇదే ఆఖరిది కావచ్చన్నారు. మైకు లేకపోతే బోర్డు ఉండదు, కూత ఉండదు, నేను ముందుకొచ్చి నీ కాళ్ల దగ్గర కూర్చోవచ్చు. అంత దగ్గరైతే ఏమైనా వినపడుతుందేమోనని. అంతే. ఇంకేం ఆలోచించలేదు. డాక్టరమ్మ మాట వినపడలేదు, వినపడలేదని చెప్పుకోలేక తల ఊపాను. నీ గొంతు మీదికే తెచ్చానని నాకు తెలియదు. తెలియకపోవడం కూడా నా తప్పే, అడగలేదు కాబట్టి.

"ఇప్పుడు తోటమాలి దగ్గరికి వెళ్తున్నాను. ఆ తాళంచెవి ఆయన చేతిలో పెట్టి, మాష్టారి ముందే చెబుతాను. ఆ తర్వాత టంకం ఐరన్ వేడి పెట్టి అన్నీ అతికేస్తాను, సాయంత్రానికి అయిపోతాయి. ఆ కొత్తవాటితో కాదు, నీ ఎర్రదానితోనే పాడు. మెల్లిగా పాడు. బోర్డు దగ్గర నీ చెల్లెలు కూర్చుంటుంది, దానికి పాము చెవులు. నేను నేర్పిస్తాను. కోపం వస్తే తర్వాత తిట్టు, ఇవాళ గొంతు పెంచకు. పాటలప్పుడు మాత్రం ముందు వరసలో నాకు కాస్త చోటు ఉంచమని చెప్పు. నువ్వు పైకెళ్లే ముందు ఒక్కసారి నా వైపు చూడు. వినపడకపోయినా, అప్పుడు నువ్వెక్కడున్నావో నాకు తెలియాలి."